ఎంఎస్‌డబ్ల్యూ ఫీల్డ్‌వర్క్ రికార్డు బుక్కు: కొనండి, కానీ పేజీల వరస మార్చుకోండి

తిరుపతిలో కాలేజీలు తెరిచారంటే బాలాజీ కాలనీ వైపు జెరాక్సు షాపుల్లో, యూనివర్సిటీల దగ్గరి స్టేషనరీ కొట్లలో ఈ బుక్కులు దొంతర్లుగా కనిపిస్తాయి. ఏ4 సైజు, గట్టి అట్ట, లోపలంతా అచ్చేసిన ఫారాలు. సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదివే పిల్లలు వారానికి రెండు రోజులు ఫీల్డుకు పోయి వచ్చి ఇందులోనే రాయాలి. వైవాలో ప్రశ్నలు కూడా ఇందులోంచే పడతాయి. ఒకే నమూనాను అట్టలు మార్చి వేస్తున్నారు గనక ఏ ప్రెస్సుదన్న పట్టింపు అక్కర్లేదు. కుట్టుది, స్పైరల్‌ది అని రెండు రకాలున్నాయి. స్పైరల్‌దే తీసుకోండి, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

కాగితం పలచన. జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీకి దిగుతుంది, బాల్ పెన్ను పట్టాల్సిందే. అట్ట మాత్రం ఏడాదంతా ఆటోల్లో, బస్సుల్లో నలిగినా తట్టుకుంటుంది.

లోపలి వరస ఇదీ: హాజరు, గంటల పట్టిక, ఏజెన్సీ (విద్యార్థి పనిచేసే సంస్థ) వివరాలు, ఫేస్ షీట్ (క్లయింటు, అంటే సాయం అందుకునే మనిషి, గుర్తింపు వివరాలు), కుటుంబ చరిత్ర, జీనోగ్రామ్‌కూ (ఇంటి బంధుత్వాల బొమ్మ) ఎకోమ్యాప్‌కూ (ఇంటి చుట్టూ ఉన్న లోకం బొమ్మ) చెరో పేజీ, ప్రాసెస్ రికార్డింగ్ షీట్లు (విజిట్‌లో నడిచిన మాటలు రాసేవి), అసెస్‌మెంట్, ప్లాన్, సమ్మరీ, టెర్మినేషన్ (క్లయింటుతో పని ముగింపు). తర్వాత గ్రూప్ వర్క్, కమ్యూనిటీ భాగాలు. అన్నీ అయిపోయాక, సూపర్‌వైజర్ సంతకానికి కాస్త పైన, ‘వాడిన థియరీ’ అని ఐదు గీతల పెట్టె.

ఈ బుక్కుతో అసలు పేచీ ఆ పెట్టె దగ్గరే. ఏడాదంతా పని చేసి, చివరి వారం సంతకాల హడావిడిలో ఆ ఐదు గీతలూ నింపుతారు. అప్పటికి థియరీ చేయాల్సిన పనంతా దాటిపోయి ఉంటుంది. కాబట్టి పెట్టెలో పడేది పేర్లే: సిస్టమ్స్ థియరీ (ఇంటిని ఒకదాన్నొకటి కదిపే భాగాల అల్లికగా చూసేది), స్ట్రెంగ్త్స్ పర్‌స్పెక్టివ్ (లోపాల కంటే బలాలను చూసేది), ఇంకా జాగా మిగిలితే ‘కేస్ వర్క్ థియరీ’. మూడోది అసలు థియరీయే కాదు. కేస్ వర్క్, అంటే ఒక్కో మనిషితోనో కుటుంబంతోనో విడిగా చేసే పని, ఒక పద్ధతి. మనిషితో ఎలా కూర్చోవాలి, ఏ దశ తర్వాత ఏ దశ, ఎప్పుడు ముగించాలి అన్నవి అది చెబుతుంది. ఈ ఇంట్లో ఇలా ఎందుకు జరుగుతోంది, దేన్ని కదిపితే ఏది కదులుతుంది అని చెప్పాల్సింది థియరీ. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట వేలు పెట్టేది కూడా ఈ పెట్టె మీదే, అది వేరే సంగతి.

‘ఫారాలు నింపితే చాలు, థియరీ తర్వాత చూసుకోవచ్చు’ అనుకునేవాళ్లు ఫారంలో థియరీ లేదనుకుంటున్నారు. ఉంది. పేరు రాసి లేదు, అంతే. ఫేస్ షీట్ నుంచి కుటుంబ చరిత్ర దాకా ఉన్న పేజీలు 1917లో అమెరికా సోషల్ వర్కర్ మేరీ రిచ్‌మండ్ వేసిన దారి: సాక్ష్యాలన్నీ సేకరించు, ఇరుగుపొరుగునూ బడినీ యజమానినీ అడుగు, అప్పుడు సమస్య ఏమిటో తేల్చు. ఆ తర్వాత న్యూయార్క్‌లో గోర్డన్ హామిల్టన్ వంటివాళ్లు దాన్ని మానసిక విశ్లేషణతో కలిపి డయాగ్నస్టిక్ స్కూల్ అనే ఆలోచనా ధోరణిగా పెంచారు. గతంలో వేరుంది, వేరు తెలిస్తే వైద్యం తెలుస్తుంది అన్నది వాళ్ల నమ్మకం. ప్లాన్ పేజీకి వస్తే గాలి మారిపోతుంది. సమస్య, లక్ష్యం, పని, ఎవరు, ఏ తేదీలోపు అని ఐదు గళ్లు. ఇది 1972లో విలియం రీడ్, లారా ఎప్‌స్టీన్ తెచ్చిన టాస్క్ సెంటర్డ్ పద్ధతి. అది గతాన్ని పెద్దగా తవ్వదు. క్లయింటు తన నోటితో చెప్పిన సమస్యలు రెండో మూడో తీసుకొని, ఎనిమిది నుంచి పన్నెండు కలయికల్లోపు ముగించమంటుంది.

ఒకే బైండింగులో రెండు కాపురాలు, మధ్యలో మాటల్లేవు. పిల్లలు చరిత్ర పేజీల నిండా బాల్యం, పెళ్లిళ్లు, జబ్బులు రాసుకొస్తారు. ప్లాన్‌లో వాటిలో ఒక్క ముక్క కూడా వాడరు. వాడాలని బుక్కు ఎక్కడా అడగదు మరి.

ఇంకో మాట. టాస్క్ సెంటర్డ్ పద్ధతి పుట్టింది పుస్తకాల గదిలో కాదు. ఎనిమిది కలయికలకే పరిమితం చేసిన సేవనూ, ఎంతకాలమైనా సాగే సేవనూ పక్కపక్కన పెట్టి రీడ్, షైన్ చేసిన అధ్యయనం 1969లో వచ్చింది. పొట్టిది పొడవుదానికి తీసిపోలేదు. పద్ధతిలో తేలిన ఫలితం ముందు, అదెందుకు పనిచేసిందన్న వివరణ తర్వాత. థియరీ ఎప్పుడూ పైనుంచి కిందికే దిగుతుందని క్లాసులో నోట్సు చెప్పించేవాళ్లు ఈ కథను వదిలేస్తారు.

సరే, ఒక ఇంటిని ఊహించుకుని ఈ బుక్కులో పెట్టి చూద్దాం. జీవకోన వైపు గుట్టవార ఇల్లు. ఎనిమిదో తరగతి పిల్లోడు మూడు వారాలుగా బడికి సరిగా పోవడం లేదు. తండ్రి మార్కెట్లో మూటలు మోస్తాడు, రాత్రికి తాగుతాడు. తల్లి తెల్లారకముందే ఇళ్లలో పనికి పోతుంది. చిన్న చెల్లెలుంది. అవ్వ కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు పల్లెలో. తల్లి నోటి మాట ఇది: ‘ఏం జేసేది మేడం, ఆయప్ప కూలి దుడ్లు ఆయప్పే తాగేస్తాడు. వీడేమో బడికి పోరా అంటే మూల కూసుంటాడు.’

సైకోసోషల్ కళ్లతో, అంటే మనసునూ పరిసరాలనూ కలిపి, చూసే విద్యార్థి తండ్రి తాగుడు ఎప్పుడు ముదిరింది, పిల్లోడు ఎవరికి దగ్గర, భయమా కోపమా అని అడుగుతుంది. ప్రవర్తన థియరీ పట్టుకున్నవాళ్లు బడి టైముకు ముందు ఇంట్లో ఏం జరుగుతోంది, ఆగిపోయినందుకు వాడికి ఏం దక్కుతోంది, ఏ దెబ్బ తప్పుతోంది అని రోజువారీ లెక్క కడతారు. సిస్టమ్స్ వాళ్ల ప్రశ్న ఇంకోటి: తల్లి పనికి పోయాక చెల్లెల్ని ఎవరు చూస్తున్నారు? అంటే వాడు బడి మానడం వల్లే ఇల్లు నడుస్తోందేమో. స్ట్రక్చరల్ దృష్టి, అంటే సమాజపు కట్టుబాట్లలో కారణం వెతికే చూపు, ఉంటే వారం వడ్డీ ఎంత, బళ్లో కులం పేరు పెట్టి ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది ముందుకొస్తుంది. నలుగురూ చేసింది హోమ్ విజిట్టే. పద్ధతి ఒక్కటే. నాలుగు నోటుబుక్కుల్లో నాలుగు ఇళ్లు తేలతాయి.

అందుకే థియరీ పెట్టె చివర ఉండడం దండగ. రెండో విజిట్‌కు ముందు ఒక ఖాళీ కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో ఏం జరుగుతోందని అనుకుంటున్నారో ఒక్క వాక్యం, పక్కన ఆ ఊహ ఏ థియరీదో. రెండో గడిలో ఆ ఊహ నిజమైతే ఏం కనిపించాలి. మూడో గడిలో ఏం కనిపిస్తే ఆ ఊహ తప్పని ఒప్పుకుంటారు. మూడోదే ప్రాణం, చాలామంది ఖాళీగా వదిలేసేదీ అదే.

పై ఇంటికే రాద్దాం. ఊహ: పిల్లోడు చెల్లెలి కోసం ఆగుతున్నాడు, సిస్టమ్స్. నిజమైతే: అవ్వ ఇక్కడ ఉన్న రోజుల్లో బడికి పోయి ఉండాలి. తప్పైతే: అవ్వ ఇంట్లో ఉన్నా పోయి ఉండడు. ఇప్పుడు బడి హాజరు పట్టీ అడిగి తీసుకోండి, అవ్వ వచ్చిపోయిన తేదీలు తల్లిని అడగండి, రెండూ పక్కపక్కన పెట్టండి. అవ్వ ఉన్న వారంలో కూడా హాజరు లేకపోతే మొదటి ఊహ కొట్టేసి, బళ్లో ఏదో జరిగిందన్న వైపు తిరగాలి. హెడ్మాస్టర్‌ని కాదు, వాడి బెంచీవాణ్ని అడగాలి. థియరీ చేసే పని ఇంతే: తర్వాత ఎవరిని ఏం అడగాలో చెప్పడం. ఊహ తప్పిందని రాసిన రికార్డుకు మార్కులు తగ్గుతాయన్న భయం పిల్లల్లో ఉంది. సరైన సూపర్‌వైజర్ దగ్గర పెరుగుతాయి.

ఇక పేజీలు. జీనోగ్రామ్ పేజీ కింద గుర్తుల పట్టీ ఇచ్చారు: మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, కేసులోని మనిషికి రెండు గీతల అంచు, చనిపోతే ఇంటూ, విడిగా ఉంటే వాలు గీత ఒకటి, విడాకులకు రెండు. రక్తసంబంధంలో పెళ్లికి వేసే జంట గీత మాత్రం పట్టీలో లేదు. మేనరికం మామూలైన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇది చిన్న లోపం కాదు. మేనమామను చేసుకున్న ఇంట్లో అవ్వ తల్లికి అమ్మమ్మా, అత్తా రెండూ అవుతుంది. ఆమెను ఒకచోటే గీసి, తరం దాటించి జంట గీత కలపాలి. రెండుచోట్ల ఇద్దరు మనుషుల్లా గీస్తే బొమ్మ చక్కగా కుదురుతుంది, బంధం మాత్రం తప్పిపోతుంది. భర్త మీద ఫిర్యాదు చెప్పుకోడానికి ఆ ఇంటి కోడలికి పుట్టింటి వైపు వేరే పెద్దదిక్కు ఎందుకు లేదో ఆ ఒక్క గీతలో తెలిసిపోతుంది. పట్టీలో లేకపోయినా పెన్నుతో వేసుకోండి.

ఎకోమ్యాప్ పేజీ ఇంకా తేడా. ఆన్ హార్ట్‌మన్ 1975లో రూపొందించినప్పుడు ఉద్దేశం, ఆ ఇంటి చుట్టూ ఉన్న లోకాన్ని ఆ ఇంటివాళ్లతో కలిసి గీయడం. ఇక్కడ వృత్తాల్లో పేర్లు ముందే అచ్చేశారు: వర్క్, చర్చ్, రిక్రియేషన్, ఎక్స్‌టెండెడ్ ఫ్యామిలీ. ఎక్కడి బొమ్మో ఎత్తి పెట్టారని తెలిసిపోతోంది. మనకు కావాల్సినవి డ్వాక్రా సంఘం, వార్డు సచివాలయం, అంగన్‌వాడీ, రేషన్ షాపు, చీటీలు, వారం వడ్డీ మనిషి, గంగమ్మ గుడి. ఈ పేజీని వదిలేసి ఖాళీ తెల్లకాగితం అంటించండి. గట్టి బంధానికి లావు గీత, పలచని బంధానికి చుక్కల గీత, ఒత్తిడి ఉన్నచోట అడ్డగీతలు, ఎటునుంచి ఎటు సాయం పోతోందో బాణం గుర్తు. సంఘం నుంచి ఇంటికి అప్పు బాణం, ఇంటి నుంచి సంఘానికి అడ్డగీతలు రెండూ ఒకే గీత మీద పడొచ్చు, పడనివ్వండి. పెన్సిల్ తల్లి చేతికే ఇవ్వడం మేలు. సిస్టమ్స్ థియరీ గురించి పుస్తకంలో ఎంత చదివినా అర్థం కానిది ఆమె మొదట గీసిన వృత్తం ఏదో చూస్తే తెలుస్తుంది.

ఫేస్ షీట్‌లో ఆధార్ నంబరు, ఫోన్ నంబరు గళ్లున్నాయి. నింపొద్దు. ఈ బుక్కు డిపార్ట్‌మెంట్ ర్యాకులో ఉంటుంది, స్నేహితులు కాపీ కోసం తీసుకుంటారు, వైవా రోజు బల్ల మీద పడి ఉంటుంది. పేరు బదులు కోడ్ వేసి, కోడ్ పట్టీ సూపర్‌వైజర్ దగ్గర వేరుగా ఉంచాలి. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం సమ్మతి లేని వెల్లడిని ఒప్పుకోదు. తర్వాతి ముద్రణలో ఆ గళ్లు తీసేయకపోతే ఒక స్టార్ కాదు, రెండు స్టార్లు కోసేయాలి.

ప్రాసెస్ రికార్డింగ్ షీట్లు ఈ బుక్కులో బాగున్న భాగం. నాలుగు నిలువు గళ్లు: మాటలు, ఆ క్షణంలో విద్యార్థికి అనిపించింది, వాడిన నైపుణ్యం, సూపర్‌వైజర్ వ్యాఖ్య. గళ్ల వెడల్పు సరిపోతుంది, షీట్లూ తగినన్ని ఇచ్చారు. మాటల గడిలో క్లయింటు అన్న మాటే తెలుగులో, పలమనేరు కుప్పం వైపైతే తమిళమో కన్నడమో కలిసిన తెలుగులో ఉన్నదున్నట్టు రాయండి. విజిట్ ముగిశాక ఆ రోజే రాయాలి. ఆదివారం కూర్చుని వారమంతా రాస్తే అందరు క్లయింట్లూ ఒకే గొంతుతో మాట్లాడతారు. మూడో గడిలో ‘ఎంపతీ, లిజనింగ్’ అని ప్రతి వరసలో దింపడం పెద్ద జాడ్యం. ఆ గడిని అడ్డంగా చీల్చి, ‘ఈ ప్రశ్న ఎందుకు అడిగాను’ అని రాస్తే థియరీ దానంతటదే పైకి వస్తుంది. జవాబు రాకపోతే ఆ ప్రశ్న అడగకూడనిదన్నమాట.

ప్లాన్ పేజీలో ‘అడ్డంకులు’ అన్న గడి లేదు. టాస్క్ సెంటర్డ్ పద్ధతిలో అదే కీలకం: పని ఒప్పుకున్న రోజే, దాన్ని చేయనివ్వనిది ఏమై ఉంటుందో క్లయింటుతో కలిసి ముందే మాట్లాడుకోవాలి. ‘తండ్రి చేత తాగుడు మాన్పించాలి’ అన్నది పని కాదు, కోరిక. ‘సోమవారం పది గంటల్లోపు తల్లి హెడ్మాస్టర్‌ని కలుస్తుంది, విద్యార్థి తోడు వెళ్తుంది’ అన్నది పని. అడ్డంకి: పనికి పోయే ఇంటివాళ్లు ఆ పూట వదలరు. పరిష్కారం: ముందురోజే చెప్పి రావడం.

తాగుడు మాట వచ్చింది గనక ఇక్కడ కాస్త ఆగాలి. ప్లాన్ పేజీలో ‘రేపటి నుంచి పూర్తిగా మానాలి’ అని రాసి సంతకం పెట్టించుకున్న రికార్డులు మెచ్చుకోలు పొందుతున్నాయి. అది ప్రమాదం. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, ఒళ్లు వణికి, ప్రాణం మీదికి రావచ్చు. మానడం డాక్టరు చూపులోనే జరగాలి. రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకుపోవడం, లేదంటే 14416 టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించడం ప్లాన్‌లో మొదటి వరస కావాలి. అసలు ఆ మనిషి మానాలనే ఆలోచనే లేని దశలో ఉంటే ప్రొచాస్కా, డిక్లెమెంటె చెప్పిన మార్పు దశల ప్రకారం అప్పుడు పని పురమాయించడం తొందరపాటు. మిల్లర్ 1983లో మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే మారాలన్న కారణాలు క్లయింటు నోటితోనే పలికించే మాటల పద్ధతి, ఆ దశకు అతుకుతుంది. ఎంత మంచి పద్ధతైనా తప్పు దశలో వాడితే క్లయింటు ఇంటి తలుపు మూసుకుంటుంది, రికార్డులో మాత్రం ‘సహకరించలేదు’ అని పడుతుంది.

ఇంకో చోట థియరీ నేరుగా హాని చేస్తుంది. ఇంట్లో దెబ్బలు ఉన్నప్పుడు సిస్టమ్స్ థియరీతో ‘ఇద్దరి ప్రవర్తనా ఒకదాన్నొకటి పెంచుతోంది’ అని రాస్తే దెబ్బలు తిన్న మనిషికి సగం నేరం అంటగట్టినట్టే. భార్యాభర్తల్ని ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి అక్కడ పనికిరాదు. ఆ మాటలకు రాత్రి లెక్క తేల్చేది అతనే. ముందు భద్రత, 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రొటెక్షన్ ఆఫీసరు, 2005 గృహహింస చట్టం కింద డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు. బుక్కులో దీనికి ఒక్క గడి కూడా లేదు. అసెస్‌మెంట్ పేజీ తలమీద ‘ప్రమాదం ఉందా, ఎవరికి, ఎప్పట్లోపు’ అని చేత్తో రాసుకోండి.

టెర్మినేషన్ పేజీ కేసు పేజీలన్నిటి చివర ఉండడం కూడా థియరీ లోపమే. పెన్సిల్వేనియాలో జెస్సీ టాఫ్ట్, వర్జీనియా రాబిన్సన్ 1930లలో కట్టిన ఫంక్షనల్ స్కూల్ అంతా గడువు మీద, ఏజెన్సీ చేయగలిగే పని మీద నడుస్తుంది. ఫీల్డ్‌వర్క్ పిల్లలకు అచ్చంగా సరిపోయేది అదే, ఎందుకంటే వాళ్లు పరీక్షలు రాగానే వెళ్లిపోతారు. ఆ సంగతి మొదటి విజిట్‌లోనే చెప్పాలి. చివరి రోజు పూలూ పండ్లూ తీసుకుపోయి చెబితే ఆ పిల్లోడికి మధ్యలో వదిలేసిపోయిన పెద్దమనిషి ఇంకొకరు తోడవుతారు.

గ్రూప్ వర్క్ భాగం పేలవం. ఎంతమంది వచ్చారు, ఏ ఆట ఆడించారు అనే అడుగుతుంది. టక్‌మన్ 1965లో చెప్పిన దశల్లో (చేరడం, గొడవ పడడం, కుదురుకోవడం, పని చేయడం) గుంపు ఎక్కడుందో రాసే చోటు లేదు. మూడో సెషన్‌లో గొడవ పడితే పిల్లలు ఫెయిలైందనుకుంటారు, చాలాసార్లు అది రెండో దశ వచ్చిందనడానికి గుర్తు.

కమ్యూనిటీ భాగానికి మ్యాపు, సర్వే, ‘అవగాహన ర్యాలీ’ ఫోటో అంటించే పెట్టె ఉన్నాయి. రాత్‌మన్ 1968లో విడదీసిన మూడు దారులు, అంటే స్థానిక అభివృద్ధి, ప్రణాళిక, సోషల్ యాక్షన్, వీటిలో ఏది ఎంచుకున్నారో ఎందుకో అడగదు. అడిగితే ర్యాలీ ఫోటోలు సగానికి సగం తగ్గుతాయి. 1992లో పక్క జిల్లా నెల్లూరు దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరు తాగుబోతు భర్తలకు ఒక్కొక్కరికీ కౌన్సెలింగ్ ఇచ్చి సాగలేదు. సారా దుకాణాల వేలంపాటల్ని అడ్డుకుని సాగింది, 1993లో సారా నిషేధం వచ్చింది. అదే తాగుడు, సమస్య మనిషిలో ఉందనుకుంటే కేస్ వర్క్, అమ్మకంలో ఉందనుకుంటే సోషల్ యాక్షన్. జీవకోన తండ్రి కేసులో రెండూ రాయాల్సి రావచ్చు. విజిట్ల తేదీలు వేసేటప్పుడు మే నెలలో గంగమ్మ జాతర వారం వదిలేయండి, ఇంట్లో మనుషులు దొరకరు.

పిల్లల ఏజెన్సీల్లో ఫీల్డ్‌వర్క్ ప్లేస్‌మెంట్ పడినవాళ్లకు ఈ బుక్కు ఒక్కటే చాలదు. బాల న్యాయ నమూనా నియమాల్లోని ఫారం 22, అంటే సంరక్షణ అవసరమైన పిల్లల సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు, జెరాక్సు తీసి వెనక పెట్టుకోవాలి. ఉద్యోగంలో రేపు రాయాల్సింది అదే.

మొత్తానికి పద్ధతికి మూడు స్టార్లు, థియరీకి ఒకటి. తెల్లకాగితాల మీద ఇవన్నీ సొంతంగా గీసుకోగలిగినవాళ్లకు ఈ బుక్కు అక్కర్లేదు. మొదటి ఏడాది వాళ్లకు అచ్చు గళ్లు ధైర్యమిస్తాయి గనక కొనొచ్చు. స్పైరల్‌ది తీసుకుని జెరాక్సు షాపులోనే కాయిల్ విప్పించండి. ‘వాడిన థియరీ’ పేజీని కుటుంబ చరిత్రకు ముందుకూ, టెర్మినేషన్ పేజీని ఫేస్ షీట్ వెనకకూ జరిపించండి. మూడు గళ్ల కాగితాలు విజిట్‌కొకటి చొప్పున ప్రాసెస్ షీట్ల మధ్య దూర్పించండి. మళ్లీ బిగించేటప్పుడు కొత్త కాయిల్, ఒక సైజు పెద్దది వేయమనండి. పాతదే ఎక్కిస్తే పెరిగిన పేజీలకు బిగుతై, తిప్పేటప్పుడు పలచని కాగితం రంధ్రాల దగ్గర చిరుగుతుంది.